చింతగింజల తీర్పు

పప్పులో ఉప్పు తక్కువైతే ఏ మొగుడైనా పెండ్లాంతో చెప్తాడు. జయరత్నం దేవునితో చెప్పేవాడు.

ఆయన కుప్పంలో బడి అయ్యవారు. నెమ్మదస్తుడు. తాగడు, బీడీ ముట్టడు, ఆడమనిషి మీద చెయ్యెత్తి ఎరగడు. అన్నం ముందర పెట్టుకోని, చేతులు జోడించి, కండ్లు మూసుకోని ప్రార్థన మొదలుపెట్టినాడంటే ఆ గొంతు ఎంత తియ్యగా ఉండేదంటే, దోవన పొయ్యేవాళ్ళు కూడా ఒక గడియ నిలబడి వినేవాళ్ళు. వానల కోసం అడిగేవాడు. రోగుల కోసం అడిగేవాడు. దేశాన్ని ఏలేవాళ్ళకు మంచి బుద్ధి ఇమ్మని అడిగేవాడు. ఆ వరసలోనే, గొంతు రవ్వంత కూడా మార్చకుండా, "ప్రభువా, నీ దాసురాలైన పరంజ్యోతికి పప్పులో ఉప్పెంత వేయవలెనో ఆ జ్ఞానమును దయచేయుము" అనేవాడు. చుట్టాలొచ్చి కూర్చోనున్నా అంతే, సంఘపెద్దలు కూర్చోనున్నా అంతే. "నీ దాసురాలికి తెల్లవారకమునుపే లేచు అలవాటును అనుగ్రహించుము." "నీ దాసురాలు పక్కింటివారితో గోడ దగ్గర వృథాగా మాట్లాడకుండ ఆమె పెదవులకు కావలి యుంచుము."

ఇంకొక ఆచారం ఉండేది ఆ ఇంట్లో. ఆయన తండ్రి నాటి నుంచీ వస్తాండే ఆచారం. ప్రార్థన చేసేది మొగుడు, ఆమెన్ చెప్పేది పెండ్లాము. ఆమె ఆమెన్ అంటేనే ఆ ప్రార్థనకు ముద్ర పడినట్టు. అంతవరకూ ఎవరూ కండ్లు తెరవకూడదు, పల్లెం ముట్టకూడదు. అందుకని పరంజ్యోతి ఆ కండ్లు మూసుకున్న చీకట్లో తన పేరు ఎప్పుడొస్తుందా అని కాచుకోని ఉండేది. వానలు అయిపోయినాయి, రోగులు అయిపోయినారు, ఏలేవాళ్ళు కూడా అయిపోయినారు, ఇంక నేనే, అనుకునేది. వచ్చేది. వచ్చినాక ఆమెన్ అనేది. అన్నాక లేచి వడ్డించేది. ఒకనాడు కోపమొచ్చి కూరలో కావాలనే గుప్పెడు ఉప్పు ఎక్కువేసింది. ఆయన మాట్లాడకుండా తిని, మరుసటి పూట తనకు అంత ఓర్పు ఇచ్చినందుకు దేవునికి వందనాలు చెప్పినాడు. దానికీ ఆమే ఆమెన్ అనింది.

ఇట్లాంటివి ఎవరికి చెప్పుకోను, చెప్తే నవ్వరా, అని అణిచిపెట్టుకోని ఉండింది పెండ్లయిన కాలం నుంచీ. పిల్లలు కలగలేదు. మదనపల్లె పెద్దాసుపత్రిలో చూపిచ్చుకుంటే, డాక్టరమ్మ అన్నీ పరీక్ష చేసి, నీలో ఏమీ లేదు తల్లీ, ఈసారి మీ ఆయన్ను కూడా తోడుకోని రా, అనింది. ఆ మాట ఇంటికొచ్చి చెప్తే జయరత్నం కోప్పడలేదు. చిన్నగా నవ్వి, "నాలో లోపం లేదని దేవుడు నాకు ఎప్పుడో చూపించినాడు జ్యోతీ" అన్నాడు. అంతటితో పోయుంటే పోయుండు. ఆ ఆదివారం సంఘపెద్దలు భోజనానికొస్తే, వాళ్ళందరి ముందర, ఆ తియ్యని గొంతుతోనే, "మూయబడిన నీ దాసురాలి గర్భమును తెరువుము" అన్నాడు. పరాయి మగవాళ్ళు నలుగురు కండ్లు మూసుకోని తన కడుపు గురించి తలకాయలు ఆడిస్తా ఉండారు. ఆమెన్ కోసం కాచుకోని ఉండారు. ఆమె ఆమెన్ అనింది. వడ్డించింది. గిన్నెలు కడిగింది. తెల్లారి గుడ్డసంచిలో రెండు చీరలు పెట్టుకోని, అమ్మకు ఒళ్ళు బాగలేదంట, అని చెప్పి పుంగనూరు బస్సెక్కేసింది.

వాళ్ళమ్మ విక్టోరియమ్మ గుమ్మంలోనే నిలబెట్టి అడిగింది.

"కొట్టినాడా?"

"లేదు."

"తిట్టినాడా?"

"లేదు."

"ఇంకెవతైనా ఉండాదా?"

"లేదమ్మా."

"మరేం చేసినాడే?"

"ప్రార్థన చేసినాడు."

విక్టోరియమ్మకు నవ్వొచ్చింది. మొగం చూసి నవ్వు ఆపుకోని, "నీ కోసరం దేవున్ని అడిగే మొగుడు యాడ దొరుకుతాడే. మీ నాయన తాగొచ్చి నన్ను అడిగేది ఏముంటుందో నీకు తెలీదా" అనింది. పరంజ్యోతి చెప్పబోతే ప్రతిదీ చిన్నదిగా కనపడేది. ఉప్పు, గోడకాడి మాట, పొద్దున్నే లేచేది. ఒక్కోదాన్ని తీసి చూపిస్తే ఇసకరేణువంత. అన్నీ చేరి కంట్లో పడినాయని ఎట్లా చూపించేది? ఇంట్లో కుదురుగా కూర్చోలేకపోయింది. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చేది. నిండిన బిందె తీసుకోని కొళాయికాడికి పొయ్యేది. పడుకుంటే కాళ్ళు లాగేవి, లేస్తే ఎందుకు లేచినానో తెలిసేది కాదు. చూసి చూసి వాళ్ళమ్మ, "నాతో మండీకన్నా రా, ఈడ ఉంటే నేలకు బొక్క పెట్టేటట్టుండావు" అనింది.

అది చింతపండు కాలం. డెబ్బై తొమ్మిదో సంవత్సరం, చెట్లు విరగ్గాసినాయి. రామసముద్రం పక్కనుంచి బండ్ల మీద వచ్చిన చింతపండంతా పాపయ్య మండీలో కుప్పపోసుంటే, ఆడవాళ్ళు రేకుల కొట్టంలో వరసగా కూర్చోని, బండ మీద పెట్టి చిన్న ఇనుప కడ్డీతో కొట్టి, నార లాగి, గింజ తీసేవాళ్ళు. చేతులు మోచేతి దాకా జిగట. విక్టోరియమ్మ ఆసుపత్రిలో ఆయా పని మానుకున్నప్పటి నుంచీ అక్కడికే పోతాండేది.

ఆ కొట్టంలో ఒక పద్ధతి ఉండింది. ప్రతి శుక్రవారం మదనపల్లె బస్సులో వారపత్రిక వచ్చేది. దాంట్లో నడిమి పేజీల నిండా బొమ్మల కథ. గళ్ళు గళ్ళుగా బొమ్మలు, మనుషుల తలకాయల మీద పొగ మాదిరి తెల్ల బుడగలు, ఆ బుడగల్లో వాళ్ళు మాట్లాడే మాటలు. ఆ వరసలో కూర్చునే తాహెరాకు ఒక అన్న, బస్టాండులో బంకు పెట్టుకోనుండాడు. అమ్మడానికి ముందర ఒక పూట చెల్లెలికి ఇచ్చి, సాయంత్రానికి మళ్ళీ తీసేసుకునేవాడు. మరక పడకూడదు. అందుకని చదివే మనిషి ఆ పూట చింతపండు ముట్టకూడదు. ఆమె వంతు పని మిగతావాళ్ళు తలా ఇంత చేసి ఆమె గంపలో పోసేవాళ్ళు. ఇంతకుముందు చదివే పిల్లకు పెండ్లయి వెళ్ళిపోతే, కథ ఆగిపోయి అందరూ దిగులుగా ఉండారు. పరంజ్యోతి మదనపల్లెలో బోర్డింగులో ఉండి ఎనిమిదో తరగతి దాకా చదివింది. ఇంకేం కావాల?

కథలో అబ్బాయి ప్రదీప్ చంద్ర. నల్లద్దాలు, పెద్ద కారు, ఎప్పుడూ ముడిపడిన బొమలు. అమ్మాయి నీలవేణి. చదివినాక మైమూన్ బీ, అందరికన్నా పెద్దది, బొగ్గుతో నేల మీద రెండు గుండ్రాలు గీసేది. ఒకటి వానిది, ఒకటి దానిది. ఆ వారం తప్పెవరిదని తోస్తే వాళ్ళ గుండ్రంలో తలా ఒక చింతగింజ వెయ్యాల. అదీ తీర్పు.

"వీడు మళ్ళీ చెంప మీద కొట్టె," అనింది ఆదిలక్ష్మమ్మ. "కొట్టింది ఒక ఎత్తు. కొట్టినాక పూలు తెస్తాడే, ఆ పూలు సూస్తే నాకు ఒళ్ళు మండుతాది."

"ఇదేమన్నా తక్కువదా?" అనింది తాహెరా. "పోయిన వారం పూలమ్మే ముసలిదాని గంప కాలితో తన్నె. నడుము సూస్తే చీమకున్నట్టుండాది, పొగరు సూస్తే కొట్టంలో పట్టదు."

"ఇద్దురికీ పెండ్లి చేసేసి బయట గడియ పెట్టేయాల," అనింది మైమూన్ బీ. "ఊరు చల్లగుంటాది."

గింజలు రెండు గుండ్రాల్లోనూ టపటపా పడేవి. విక్టోరియమ్మ మాత్రం వేసేది కాదు. "ఒకరింటి తగువు మనకెందుకమ్మా" అని తన గింజను కొంగున ముడేసుకునేది. ఆసుపత్రిలో అన్నేండ్లు పని చేసి, నోరు మూసుకోవడం నేర్చిన మనిషి.

"ఇద్దురూ మీకు నచ్చరు గదా, మరి యాల చదవమంటారు?" అని అడిగింది పరంజ్యోతి ఒకసారి.

మైమూన్ బీ కడ్డీ పక్కన పెట్టింది. "మంచోళ్ళ కతలో ఏముంటాది బేటీ. సలాం పెట్టి పక్కకు పోవాల్సిందే. ఈ మాదిరోళ్ళయితేనే నాలుగు మాటలు అనొచ్చు. ఇంట్లోవాళ్ళను అనలేము గదా."

ఆ మాట పరంజ్యోతి లోపల నిలబడిపోయింది. ఇంటికి పోయినా వదల్లేదు. పిండి జల్లిస్తాంటే అదే, గుడ్డలు పిండుతాంటే అదే. ఎవరికీ చెప్పలేనిదాన్ని ఆ గుండ్రాల నడుమ పెడితే ఏమంటారు? అది తప్పేనా, లేక తన కండ్లకే తప్పుగా కనపడతాందా? తనకు తెలియాల్సింది అదొక్కటే. తప్పు కాదంటే బస్సెక్కి కుప్పం పోతుంది, నోరు మూసుకోని ఉంటుంది. తప్పంటే... తప్పంటే ఏం చేస్తుందో ఆమె తలపులు అక్కడి దాకా పోయి, కట్టు తాడున్న ఆవు మాదిరి వెనక్కి తిరిగొచ్చేవి.

తరువాతి శుక్రవారం బుడగలో ఉండింది ఒక్కటే మాట. ప్రదీప్ చంద్ర కారు తలుపు తెరిచి "ఎక్కు" అంటాడు. పరంజ్యోతి పత్రికను మొగానికి దగ్గరగా పట్టుకోని, వేరేది చదివింది. ప్రదీప్ చంద్ర పొద్దున భోజనం ముందర దేవుడి పటానికి చేతులు జోడించి, స్వామీ, ఈ నీలవేణికి సాంబార్లో ఉప్పెంత వెయ్యాలో తెలివినివ్వు, అని అందరూ వినేటట్టు మొక్కినాడు. మొక్కినాక 'అట్లే కానీ స్వామీ' అని నీలవేణి చెప్పాల. చెప్పిందాకా ఎవరూ తినకూడదు. నీలవేణి చెప్పింది.

కొట్టంలో కడ్డీల చప్పుడు ఆగిపోయింది.

"బొమ్మలో కారుండాదే," అనింది తాహెరా, మెడ సాచి. "పటం యాడ?"

"పటం కారు లోపలుండాది."

"ఇదేం కత," అనింది ఆదిలక్ష్మమ్మ. "మొక్కుకుంటే తప్పా? మా ఇంటాయన దేవుని పేరెత్తితే నేను కొబ్బరికాయ కొడతాను."

"మొక్కేది దేవునికి, వినేది ఇది," అనింది తాహెరా. "ఉప్పు తక్కువైతే దాంతో చెప్పొచ్చు గదా. దేవుడొచ్చి తాళింపు పెడతాడా?"

"ఇది కూడా ఊరికే లేదు," అని పరంజ్యోతి గబగబా చదివింది. "ఒకనాడు కావాలనే గుప్పెడు ఉప్పు ఎక్కువేసింది." అందరూ విరగబడి నవ్వినారు. వాళ్ళు నవ్వతాంటే ఆమెకు చెవులు వేడెక్కినాయి. ఆ తప్పు చేసినందుకే వాళ్ళకు నీలవేణి మొదటిసారి కొంచెం నచ్చినట్టుండింది. ఆదిలక్ష్మమ్మ చాలాసేపు గింజను వేళ్ళ నడుమ తిప్పి తిప్పి, "కొట్టేవాణ్ణయితే పంచాయితీలో నిలబెట్టొచ్చు. ఈ మొక్కేవాణ్ణి ఏమని నిలబెట్టేది" అని గొణిగి, వాని గుండ్రంలో వేసింది. తాహెరా వేసింది. మిగతావాళ్ళూ అక్కడే వేసినారు. పరంజ్యోతికి ఊపిరి వదులయింది. అప్పుడు మైమూన్ బీ తన గింజ తీసి దాని గుండ్రంలో వేసింది.

"బూబమ్మా, అదేంది?" అనింది తాహెరా.

"వాడి తప్పు వాడిదిలే. ఇది 'అట్లే కానీ' అని యాల అనింది? నోరు దానిదే గదా."

పరంజ్యోతికి కోపమొచ్చింది. నీలవేణి మీద ఈగ వాలితే ఏనాడూ పట్టించుకోనిది, ఆ పూట ఆమె తరపున వకీలు మాదిరి మాట్లాడింది. అనకపోతే అన్నం చల్లారిపోతుంది, అందరూ కాచుకోనుంటారు, పెద్దవాళ్ళుంటారు, అని. మైమూన్ బీ అంతా విని, "చల్లారనీ. చల్లన్నం తిని ఎవురన్నా చచ్చినారా?" అనింది. అని, పరంజ్యోతి మొగంలోకి చూసి, మళ్ళీ కడ్డీ అందుకునింది.

ఇంక ప్రతి వారం అదే. పత్రికలో ప్రదీప్ చంద్ర గుర్రమెక్కుతాంటే, కొట్టంలో ప్రదీప్ చంద్ర నీలవేణికి పొద్దున్నే మెలకువ రావాలని మొక్కేవాడు. పత్రికలో నీలవేణి తోటలో పాడుతాంటే, కొట్టంలో నీలవేణి డాక్టరమ్మకాడికి పోయింది. "వీళ్ళకు పెండ్లెప్పుడాయె?" అంటే, "పోయిన వారం ఒక గడిలో అయిపోయింది, మీరు గమనించలే" అనేది. డాక్టరమ్మ ఇద్దుర్నీ రమ్మన్నింది, వాడు పోలేదు, పోకుండా నలుగురి ముందర దాని కడుపు కోసం మొక్కినాడు, అది మళ్ళీ 'అట్లే కానీ' అనింది. ఆ వారం ఎవరూ జోకులు వెయ్యలేదు. గింజలన్నీ వాని గుండ్రంలో పడినాయి. మైమూన్ బీ గింజ మాత్రం దాని గుండ్రంలోనే. విక్టోరియమ్మ గింజ కొంగులోనే.

ఇంటికి నడిచిపోతాంటే విక్టోరియమ్మ ముందర పోతా ఉండి, తిరక్కుండా అడిగింది.

"ఆ కతలో వాడు డాక్టరమ్మకాడికి నిజంగానే పోలేదా?"

"పోలేదు."

"నలుగురి ముందర వాడు అట్ల అనింది నిజమేనా?"

"నిజమే."

కొంచెం దూరం పోయినాక, "నాకు చెప్పలేదే" అనింది.

"కత గురించి గదమ్మా అడుగుతాండావు."

"కత గురించే," అనింది విక్టోరియమ్మ. చేతులు కడుక్కోలేదు ఆమె, జిగటతోనే కండ్లు తుడుచుకునింది.

ఈస్టరు పండగకు ముందరొచ్చే శ్రమకాలం దినాలు ముగియవస్తాండాయి. కుప్పం బస్సు కండక్టరు వచ్చి చెప్పిపోయినాడు: మట్టల ఆదివారం అయ్యవారు వస్తాడంట, సాయంత్రం బస్సుకు తయారుగా ఉండమన్నాడు. ఆ శుక్రవారం పరంజ్యోతి పత్రిక తెరిచింది. బొమ్మల్లో ప్రదీప్ చంద్రా నీలవేణీ పడవలో ఉండారు. "నీలవేణి పుట్టింట్లో ఉండాది," అని చదివింది. "వాడు తోడుకోని పోవడానికి వస్తాండాడు." అంతటితో ఆగిపోయింది.

"ఇదేం జేసింది?" అనింది తాహెరా.

"అది ఇంకా పత్రికలో వెయ్యలేదు. వచ్చే వారమంట."

ఆదిలక్ష్మమ్మ గింజ తీసింది గానీ మైమూన్ బీ ఆమె చెయ్యి పట్టుకునింది. "ఉండనీ. జరగనిదానికి తీర్పు ఎట్ల చెప్తాం? సూద్దాం, దాని నోట్లోనించి ఏమొస్తాదో." ఆ పూట నేల మీద గుండ్రాలు గియ్యలేదు.

మట్టల ఆదివారం గుళ్ళో ఈతమట్టలు ఊపుతా అందరూ పాడినారు. జయరత్నం గొంతు అందరి గొంతుల పైన వినపడింది. పుంగనూరు సంఘం ఆడవాళ్ళు పరంజ్యోతి పక్కకు చూసి, అదృష్టవంతురాలివమ్మా, అన్నారు. ఆమె మండీలో కథలు చదివే సంగతి కూడా ఆయన చెవిన వేసినారు. ఆయన అత్తకు హార్లిక్సు సీసా తెచ్చినాడు. "అత్తమ్మా, ఒళ్ళు కుదురుకునిందా?" అని అడిగినాడు. చెడ్డ మొగుడైతే ఎంత సులువు, అనుకునింది పరంజ్యోతి. విక్టోరియమ్మ కోడికూర వండింది, నెయ్యి కాచింది. చాప పరిచి ముగ్గురికీ పల్లేలు పెట్టింది. పొగలు లేస్తాంటే జయరత్నం చేతులు జోడించి కండ్లు మూసుకున్నాడు.

ప్రయాణంలో కాపాడినందుకు వందనాలు. గాడిదపిల్లపై ఎక్కి వచ్చిన దీనత్వమునకు వందనాలు. వానలు. రోగులు. ఏలేవాళ్ళు. పరంజ్యోతి చీకట్లో కాచుకోని ఉంది. కాళ్ళు మళ్ళీ లాగుతాండాయి, ఎక్కడికన్నా లేచిపోదామన్నట్టు.

"మంద విడిచిన నీ దాసురాలు తన తప్పు తెలిసికొని నేడు భర్త వెంట సంతోషముగా తరలివచ్చునట్లు చేయుము. చింతపండు మండీలో కథలు చదువు ఆ నోటిని ఇకమీదట నీ స్తుతి కొరకే తెరువుము. ఆమె కడుపును జ్ఞాపకము చేసికొనుము. అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ."

ఆగినాడు.

పరంజ్యోతి కండ్లు తెరిచింది. పెండ్లయిన తరువాత ప్రార్థన నడుమ ఆయన మొగాన్ని చూడటం అదే మొదలు. రెప్పలు బిగించుకోని, తల కొంచెం పక్కకు పెట్టుకోని, వినడానికి తయారుగా ఉండాడు. ఎప్పుడూ ఇట్లనే కాచుకోనుంటాడా, అనుకునింది. నేను ఒక్క మాట అనకపోతే ఈయన కదల్లేడా? పక్కకు చూస్తే వాళ్ళమ్మ కండ్లు కూడా తెరిచే ఉండాయి. కూతుర్నే చూస్తాండాయి.

"జ్యోతీ," అన్నాడు జయరత్నం, కండ్లు తెరవకుండానే.

"వింటాండాను."

"ఆమెన్ చెప్పు."

"మీరు అడిగిండేది నాకు వద్దండీ. వద్దనేదానికి నేనెట్ల ఆమెన్ చెప్పేది?"

ఆయన కండ్లు మూసుకోనే అత్త పక్కకు తిరిగినాడు. "అత్తమ్మా, మీరన్నా చెప్పండి దీనికి. కూర చల్లారిపోతాంది."

"చల్లారనీలే నాయనా," అనింది విక్టోరియమ్మ.

అని, నిదానంగా కొంగు ముడి విప్పింది. దాంట్లో ఉండే గింజల్లో ఒకదాన్ని ఏరి తీసి, అల్లుని పల్లెం పక్కన నేల మీద పెట్టింది. టక్కుమని చిన్న చప్పుడయింది. పరంజ్యోతి గరిటె తీసుకోని, మొదట వాళ్ళమ్మకు వడ్డించింది, తరువాత తనకు వడ్డించుకునింది. సాయంత్రం బస్సుకు టికెట్టు ఒకటి చాలని ముద్ద కలుపుతా చెప్పింది. జయరత్నం ఆ చప్పుడేందో తెలీక, కండ్లు మూసుకోనే, ఆమెన్ కోసం కాచుకోనుండాడు.